ముందు వదిలిందెవరు?

పన్నెండో భాగం

కిందటి వారం మీరు నన్ను లాయరమ్మ ఆఫీసు మెట్ల మీద కూర్చోబెట్టి మీ దారిన మీరు వెళ్ళిపోయారు. నేనింకా అక్కడే ఉన్నాను. చేతిలో మూడు కాగితాలు, ఒళ్ళో సంచి, కడుపులో మంట. మధ్యలో వచ్చి చేరినవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి జరిగిందేమిటో నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మొదటి నుంచీ నాతో ఉన్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

మాది అద్దాల షాపు. కిటికీలకూ షోకేసులకూ డ్రెస్సింగ్ టేబుళ్ళకూ అద్దాలు కోసి బిగిస్తాం. కోసేది మా ఆయన. అంచులు నూరేదీ, బేరాలాడేవాళ్ళతో నోరు చేసుకునేదీ నేను. మా ఆయన్ని బజారులో అందరూ 'ముక్తసరి' అంటారు. రోజుకు ఇరవై మాటలు మాట్లాడితే ఆయనకది ఉపన్యాసం కింద లెక్క. షాపులో మూడో మనిషి నా తమ్ముడు. వాడికి ముప్పై ఒకటి నిండినా మాకు చిన్నోడే. మా నాన్న పోయాక నేనే వాణ్ణి నాతో తెచ్చుకున్నాను. పని నేర్పింది మా ఆయన.

రెండు నెలల కిందట, పట్టపగలు, బావా బావమరుదులిద్దరూ ఓ బట్టల షాపుకు పోవాల్సిన మనిషెత్తు అద్దాన్ని వ్యాన్ దగ్గరికి మోసుకెళ్తున్నారు. ముందు చిన్నోడు, వెనక మా ఆయన. మామూలు చొక్కాలేసుకున్న మనుషులిద్దరు వెనక నుంచి వచ్చి, "పోలీస్! చేతులు పైకెత్తు!" అన్నారు. మా ఆయన ఎత్తలేదు. వాళ్ళలో ఒకాయన జబ్బ పట్టుకుని లాగాడు. ఈయన విదిలించుకున్నాడు. అద్దం పడింది, పగిలింది, ఆ పోలీసు అరచెయ్యి తెగింది. తొమ్మిది కుట్లు పడ్డాయి.

వాళ్ళు వచ్చింది ఒక దొంగతనం కేసులో. ఊరి చివర మేడ ఇంట్లో ఎవరో కిటికీ అద్దాన్ని గీత కూడా పడకుండా విప్పి, లోపలికెళ్ళి, ఓ చెక్కపెట్టె ఎత్తుకుపోయారు. అద్దాన్ని అంత శుభ్రంగా తీయడం ఆ పని తెలిసినవాడికే సాధ్యమనీ, ఆ కిటికీ బిగించింది మా షాపేననీ మా ఆయన మీద పడ్డారు. వారం తిరక్కుండానే మేడ ఇంటాయన, పెట్టె అటక మీదే దొరికిందని ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. దొంగతనం కేసు గాలికి కొట్టుకుపోయింది. అరెస్టుకు ఎదురు తిరిగి పోలీసును గాయపరిచాడన్న కేసు మాత్రం మా నెత్తిన మిగిలింది. రుజువైతే రెండేళ్ళ జైలు. మా ఆయన ప్రస్తుతం బెయిలు మీద ఇంట్లోనే ఉన్నాడు. వాయిదా రేపే.

ఇక నా చేతిలో ఉన్న ఆ మూడు కాగితాలు పోలీసుల తరఫు సాక్షి ఇచ్చిన వాంగ్మూలం. ఆ సాక్షి నా తోడబుట్టినవాడు.

"మా బావ పోలీసులను చూశాడు. పోలీసులు బావా అని నేను కూడా చెప్పాను. అయినా ఆగకుండా అద్దాన్ని వాళ్ళ మీదికి తిప్పాడు. చివరి దాకా నేను నా కొస పట్టుకునే ఉన్నాను." కింద చిన్నోడి సంతకం. ఆ సంతకం పెట్టడం వాడికి నేర్పింది నేనే. మూడుసార్లు చదివాను. చదివిన కొద్దీ ఒళ్ళు మండింది తప్ప ఒక్క అక్షరం మారలేదు.

సంచి భుజాన వేసుకుని మళ్ళీ మెట్లెక్కాను. లాయరమ్మకు అరవై దాటాయి. కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, ఫైళ్ళ మధ్య తన టీ కప్పు కోసం వెతుక్కుంటోంది.

"చదివావా?" అంది తలెత్తకుండానే.

"చదివానండీ. నా చేతి ముద్ద తిని పెరిగినవాడు వీడు."

"ఆ ఏడుపు తర్వాత ఏడుద్దువు గాని, కూర్చో. ఎదురు తిరిగాడు అని వాళ్ళు అనేస్తే సరిపోదమ్మా. వచ్చినవాళ్ళు పోలీసులని మీ ఆయనకు తెలిసుండాలి. తనను పట్టుకోవడానికే వచ్చారని అర్థమై ఉండాలి. అర్థమయ్యాక కూడా కావాలని తిరగబడి ఉండాలి. వీటిలో ఏది జారినా కేసు జారుతుంది. వాళ్ళు యూనిఫాంలో లేరు. కార్డు చూపించినట్టు వాళ్ళ రిపోర్టులోనే లేదు. వెనక నుంచి వచ్చారు. అందుకే మీ తమ్ముణ్ణి పట్టుకొచ్చారు, 'నేను చెప్పాను, బావ విన్నాడు' అనిపించడానికి."

"నాకొకటి అర్థం కాదండీ. దొంగతనమే జరగలేదని తేలింది కదా. దానికోసం చేసిన అరెస్టుకు ఎదురు తిరిగాడని ఇంకా కేసేంటి? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది."

లాయరమ్మ నవ్వింది. కప్పు దొరికింది. టీ చల్లారిపోయినట్టుంది, మొహం అదోలా పెట్టి పక్కన పెట్టేసింది. "అందరూ అదే అడుగుతారు. అరెస్టు తప్పా ఒప్పా అన్నది కోర్టులో తేల్చుకోవాలి, రోడ్డు మీద కాదు. పోలీసులు పొరబడి వచ్చినా సరే, పోలీసులని తెలిసి చెయ్యి చేసుకుంటే నేరం నేరమే. కానీ ఉలిక్కిపడి చెయ్యి లాక్కోవడం వేరు, తిరగబడి కొట్టడం వేరు. ఆ తేడా మీదే మన కేసంతా. సరే, రేపు వాళ్ళు నన్నడుగుతారు. చేతులెత్తమంటే ఎందుకు ఎత్తలేదు? నువ్వు చెప్పు."

"ఎలా ఎత్తుతాడండీ?" నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "మా పనిలో మొదటి రోజు నేర్పేది కొయ్యడం కాదు, మొయ్యడం. ఇద్దరు మోస్తున్నప్పుడు ఒకడు వదలాలంటే 'వదులుతున్నా' అని చెప్పాలి. రెండోవాడు 'పట్టుకున్నా' అనేదాకా వేలు కదపకూడదు. తుమ్మొచ్చినా అంతే, తేలు కుట్టినా అంతే. చెప్పకుండా వదిలితే అవతలివాడి కాళ్ళు తెగుతాయి. సాక్షాత్తూ దేవుడే దిగొచ్చి చేతులెత్తమన్నా మావాళ్ళు ఎత్తరు!"

ఆవిడ గబగబా రాసుకుంది. ఇన్నాళ్ళలో ఆవిడ మొహంలో వెలుగు చూడడం అదే మొదటిసారి. "ఇది చాలా పనికొస్తుంది. అతను ఎదురు తిరగలేదు, అవతలి మనిషిని కాపాడబోయాడు. బాగుంది. కానీ అద్దం ఎందుకు పడిందో తేలకపోతే ఇది నిలవదు. మీ తమ్ముడు చివరి దాకా పట్టుకునే ఉన్నానంటున్నాడు. అదే నిజమైతే, తిప్పి పడేసింది మీ ఆయనే అవుతుంది. ఎదురు షాపు కెమెరా ఏమైనా..."

"అది మూడేళ్ళుగా పనిచెయ్యట్లేదండీ. దొంగలు జడుసుకుంటారని ఉత్త డబ్బా తగిలించుకున్నాడు."

చెబుతూ చెబుతూ ఆగిపోయాను. ఆ రోజు పగిలిన అద్దాన్ని ఊడ్చింది నేనే. లోపల అంచులు నూరే యంత్రం దగ్గర, దాని హోరు తట్టుకోవడానికి చెవులకు బిళ్ళలు పెట్టుకుని ఉన్నాను కాబట్టి బయటి మాటలు వినలేదు, ఏం జరిగిందో చూడలేదు. అద్దం పగిలిన పెద్ద చప్పుడుకు పరిగెత్తుకొచ్చేసరికి మా ఆయన్ని జీపెక్కిస్తున్నారు. ఏడుస్తూనే చీపురు పట్టుకున్నాను, దారిన పోయేవాళ్ళ కాళ్ళలో గుచ్చుకుంటాయని.

మనిషెత్తు అద్దం కింద పడితే ఏ మూల ముందు నేలకు తగులుతుందో ఆ మూల పిండి పిండి అవుతుంది. మిగతాది పెద్ద పెద్ద ముక్కలుగా విరుగుతుంది. మా పనిలో ఉన్న ఎవరినడిగినా చెబుతారు. మా ఆయన తిప్పి పడేసి ఉంటే ఆ పొడి ఆయన కొస దగ్గర, షాపు గుమ్మం వైపు ఉండాలి. గుమ్మం దగ్గర నేను ఏరినవన్నీ చేటంత ముక్కలు. పొడి ఊడ్చింది వ్యాన్ చక్రం పక్కన. అంటే ముందు కొస దగ్గర. చిన్నోడి కాళ్ళ దగ్గర.

ముందు వదిలింది వాడే.

"ఏమ్మా, ఏంటి?" అంది లాయరమ్మ.

"ఏం లేదండీ. దాహం."

చెప్పొచ్చు కదా అని మీరంటారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఆ మాట నా నోట్లోంచి వస్తే నా తమ్ముడు పోలీసులకు దొంగ సాక్ష్యం ఇచ్చినవాడవుతాడు. మా ఆయన బయటపడతాడు, వాడు లోపలికెళ్తాడు. వాడి నోటి నుంచి వినకుండా ఆ పని నేను చెయ్యలేకపోయాను.

నేను లేస్తుంటే ఆవిడ కళ్ళజోడు తీసింది. "రెండు సంగతులు. ఒకటి, సాక్షి జోలికి వెళ్ళకు. నువ్వు గానీ మీ ఆయన గానీ అతన్ని కలిశారని తెలిసిందా, బెదిరించారంటారు. బెయిలు పోతుంది, ఇంకో కేసు పడుతుంది. రెండు, మీ ఆయన నా దగ్గర ఏదో దాస్తున్నాడు. ఎన్నిసార్లు అడిగినా 'అద్దం పడిందండీ' అంటాడు. పడింది సరే నాయనా, ఎలా పడింది అంటే గోడ వంక చూస్తాడు. డాక్టరు దగ్గరా లాయరు దగ్గరా దాచకూడదని చెప్పు."

"ఆయన తీరే అంతండీ."

"మాట్లాడనివాళ్ళను చాలామందిని చూశానమ్మా. ఇది ఆ తీరు కాదు."

రెంటికీ కలిపి 'అలాగేనండీ' అన్నాను. మొదటిదాని మీద ఇచ్చిన మాట మెట్లు దిగేదాకా కూడా నిలవలేదు.

వాంగ్మూలం ఇచ్చిన మర్నాడే చిన్నోడు మా ఇల్లు వదిలేశాడు. ప్రింటింగ్ ప్రెస్సు వెనక ఉన్న ఫ్రేముల గోదాంలో చేరాడని ఎవరో చెప్పారు. ఆనాటి నుంచి మా ఇంట్లో వాడి పేరు ఎత్తడం లేదు. పొరపాటున నేనెత్తితే మా ఆయన కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోతాడు. తను పెంచుకున్నవాడే పొడిచాడని ఆయన మనసు విరిగిందనుకున్నాను. నేనూ వాడి చొక్కాలు మూటగట్టి మంచం కిందికి తోసేశాను. పారెయ్యడానికి చెయ్యి రాలేదు.

గోదాం పొడుగ్గా, రేకుల కప్పుతో ఉంది. అటూ ఇటూ గోడలకు ఫ్రేములు, మధ్యలో మనిషి పట్టేంత దారి. వార్నీషు వాసన ముక్కు బద్దలు కొడుతోంది. యజమాని భోజనానికి పోయినట్టున్నాడు, ఇంకెవరూ లేరు. చిన్నోడు బల్ల మీద పెద్ద అద్దాన్ని పరిచి గుడ్డతో తుడుస్తున్నాడు. చిక్కిపోయాడు. చూడగానే ముందు జాలేసింది. ఆ జాలి మీద నాకు కోపమొచ్చింది.

"అక్కా!" గుడ్డ కింద పడేశాడు. "నువ్విక్కడికి రాకూడదు."

"ఎవర్రా చెప్పింది?"

"ఎవరూ చెప్పలేదు. సాక్షిని కలవకూడదంట కదా. బెయిలు పోద్దంట."

అరగంట కిందట లాయరమ్మ చెప్పిన మాటే, ఇంచుమించు అలాగే. ఫ్రేములు బిగించుకునే వీడికి బెయిలు సంగతులు ఎవరు చెబుతున్నారు? ఆ మాటను మనసులో ఓ పక్కన పెట్టుకున్నాను.

"ఆ అద్దం ఎక్కడికి పోవాలి?" అన్నాను.

"ఆ చివర స్టాండుకి. నేనొక్కణ్ణే..."

"అంత పెద్ద అద్దప్పలకని ఒక్కడివే మోస్తావా? తొడుగులివ్వు. పట్టు."

పనిలో అలవాటైన చేతులు మాటకు కట్టుబడతాయి. పట్టు అనగానే వాడు వంగి తన కొస పట్టుకున్నాడు. చేతి తొడుగులు వేసుకుని నేను రెండో కొస పట్టుకున్నాను. నిలబెట్టి ఎత్తాం. వాడు నా వైపు మొహం పెట్టి వెనక్కి నడుస్తున్నాడు. ఫ్రేముల మధ్య సందులో సగం దూరం వెళ్ళాక నేను కాళ్ళు ఆపేశాను.

"ఏంటక్కా?"

"ఇక్కడ ఆగుదాం."

"బరువక్కా."

"బరువే. నాకూ బరువే. వ్యాన్ చక్రం దగ్గర పొడి ఎందుకుందిరా?"

"ఏ పొడి?" అన్నాడు గానీ వాడి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే అదే. తడుముకోవడానికి పాపం వాడికి చేతులు ఖాళీ లేవు.

"దించుదాం అక్కా. దించాక చెప్తా."

"దించితే పారిపోతావు. నువ్వు చిన్నప్పుడు కూడా అంతే, పలక పగలగొట్టి పక్కింట్లో దాక్కునేవాడివి. ఇప్పుడు చెప్పు. చెప్పేదాకా నేను వదలను. చెప్పకుండా నువ్వు వదిలితే నా కాళ్ళు తెగుతాయి. తెంపుతావా?"

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికీ లేదు. ముక్కు ఎగబీల్చాడు. నా చేతులు లాగేస్తున్నాయి, నడుము పట్టేస్తోంది, అయినా బిగపట్టుకుని నిలబడ్డాను.

"నేనే వదిలానక్కా."

"చెప్పకుండానా?"

"చెప్పకుండానే."

బజారులో అద్దాల పనివాళ్ళు ఎంత గొడవలు పడినా, తాగి తన్నుకున్నా, మర్నాడు కలిసి పనిచేస్తారు. చెప్పకుండా కొస వదిలాడన్న పేరొస్తే మాత్రం ఆ మనిషి రెండో కొస ఇంకెవరూ పట్టుకోరు. వాడు అబద్ధమాడింది ఆ సిగ్గుకే అనుకున్నాను ఒక్క క్షణం. అదే అయితే బాగుండును.

"ఎందుకు వదిలావు?"

"పోలీస్ అన్నారు కదా. వాళ్ళు నాకోసం వచ్చారనుకున్నా."

"నీకోసం ఎందుకొస్తార్రా?"

 అద్దం సన్నగా వణకడం మొదలుపెట్టింది. వాడి వేళ్ళ వణుకు పలక పొడుగునా వచ్చి నా వేళ్ళకు తెలుస్తోంది.

"మేడ ఇంటి కిటికీ తీసింది నేనే అక్కా," అన్నాడు నేల చూస్తూ.

నా పట్టు జారబోయింది. ఎలా ఆపుకున్నానో నాకే తెలియదు. ఇన్నేళ్ళుగా నా ఇంట్లో తిరిగినవాడు, ఒక మేకు తీసుకున్నా అడిగి తీసుకున్నవాడు, కిటికీ విప్పి పరాయి ఇంట్లో దూరాడా!

"పెట్టె?"

"మళ్ళీ తీసుకెళ్ళి వాళ్ళ అటక మీద పెట్టేశా. బావని పట్టుకుపోయిన మూడో రోజున."

"అసలెందుకు తీశావురా? నీకేం తక్కువ చేశాన్రా నేను?"

 అద్దం ఇంకా వణుకుతూనే ఉంది. అప్పుడు తట్టింది నాకు. నాలుగడుగుల దూరంలో ఉన్న వాడి చిటికెన వేలు కదిలినా నాకు తెలిసిపోతోందే. ఆ రోజు వాడు రెండు చేతులూ వదిలేస్తే, అవతలి కొస పట్టుకున్న మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఎవరు ముందు వదిలారో చూసినవాళ్ళు లేరని రెండు నెలలుగా లాయరమ్మ తల బద్దలు కొట్టుకుంటోంది. చూడనక్కర్లేదు. మా ఆయన చేతులకే తెలుసు. తెలిసి ఒక్క మాట, నాతో గానీ ఆవిడతో గానీ ఎందుకు చెప్పలేదు?

"మీ బావకు తెలుసు కదూ?" అన్నాను. 

చిన్నోడు నా వంక చూడలేదు. నా భుజం మీదుగా వెనక్కి చూశాడు.

తల తిప్పి చూస్తే, నా వెనకనున్న తలుపు గడియ బయట నుంచి లేచింది. ఆ గడియ మొండిదని చూడగానే తెలుస్తుంది. సందులోంచి మేకుతో ఎత్తి, తలుపును భుజంతో కొంచెం పైకి తొయ్యాలి. కొత్తవాళ్ళయితే నాలుగుసార్లు గిలకొట్టాలి. ఇది ఒక్కసారికే తెరుచుకుంది. మా ఆయన లోపలికొచ్చాడు, చేతిలో ఫ్లాస్కుతో. అద్దాలకు పట్టించే లప్పం కొనడానికి వెళ్తున్నానని పొద్దున నాతో చెప్పిన మనిషి. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. అప్పుడే నా కన్ను పక్కనున్న చిన్న బల్ల మీద పడింది. కడిగి బోర్లించిన టీ గ్లాసులు రెండున్నాయి. ఒకటి కాదు, రెండు.

"ముందు అద్దం దించండి," అన్నాడు. ఫ్లాస్కు కింద పెట్టి వచ్చి నా పక్కన నిలబడి అంచు అందుకున్నాడు. "పట్టుకున్నా."

"వదులుతున్నా," అన్నాను. కోపంతో ఒళ్ళు ఊగిపోతున్నా ఆ మాట నోటికి దానంతటదే వచ్చింది. వాళ్ళిద్దరూ పలకను స్టాండుకు చేర్చారు. ఒకరికొకరు ఏమీ చెప్పుకోనక్కర్లేకుండా, ఎప్పటిలాగే, ఒకే అడుగు మీద నడిచారు. రెండు నెలలుగా మొహాలు చూసుకోని మనుషుల నడక కాదది.

"ఎన్నాళ్ళ నుంచి వస్తున్నారిక్కడికి?" అన్నాను.

"మొదటి నుంచీ."

"ఇంట్లో వాడి పేరెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేది మీరేనా?"

 చిన్నోడు గుడ్డ తీసి తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు. నాకు ఎవరి మీద అరవాలో తెలియలేదు. సంచిలోంచి ఆ మూడు కాగితాలు తీసి మా ఆయన మొహం ముందు ఆడించాను.

"వీడు ముందు వదిలాడని మీకు తెలుసు. తెలిసీ ఇది చదివి ఊరుకున్నారు. రేపు ఆ ఒక్క మాట కోర్టులో చెబితే మీరు ఇంటికొస్తారండీ! చేతులు ఎందుకు ఎత్తలేదో లాయరమ్మకు చెప్పాను, ఆవిడ మొహం వెలిగిపోయింది. గెలిచే కేసు మనది. వీడు నా తమ్ముడని, నేను బాధపడతానని మీరు జైలుకెళ్తారా? ఎవరడిగారు మిమ్మల్ని ఆ త్యాగం?"

"నీ తమ్ముడని కాదు."

"మరి?"

"ఆ కాగితంలో ఉన్నది వాడి మాట కాదు. నేను చెప్పమన్నదే చెప్పాడు."

 చిన్నోడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. "నేను వద్దన్నానక్కా. ఒట్టు. నీ మీద అబద్ధం చెప్పలేను బావా అన్నాను. వినలేదు."

మా ఆయన వాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాత మాట్లాడాడు. మా పెళ్ళయ్యాక ఆయన ఏకబిగిన అన్ని మాటలు మాట్లాడడం నేను వినలేదు.

"'వదిలింది నేనే' అని వాడు చెప్తే, 'ఎందుకు వదిలావు' అంటారు. అక్కడి నుంచి కిటికీ బయటికొస్తుంది. కిటికీ బయటికొస్తే మేడ ఇంటాయన్ని పిలుస్తారు, ఆ పెట్టె తెచ్చి కోర్టులో తెరుస్తారు. తెరవకూడదు. పోలీసు మీదికి నేనే అద్దం తిప్పానంటే ఎవరూ ఇంకేం అడగరు. రేపు నేరం ఒప్పుకుంటున్నా. అక్కడితో అయిపోతుంది."

"పెట్టె సంగతి మీకెందుకు? ఎత్తుకెళ్ళింది వాడు కదా?"

"వాడంతట వాడు వెళ్ళలేదు. నేను పంపితే వెళ్ళాడు."

ఫ్రేముల కట్ట మీద కూలబడ్డాను. రెండు నెలలు. స్టేషన్లో, కోర్టు వరండాల్లో, బజారులో, కనపడ్డ ప్రతి మనిషితోనూ మా ఆయన నిప్పు అని పోట్లాడాను. తోడబుట్టినవాణ్ణి పామన్నాను, పాలు పోసి పెంచానన్నాను. వీళ్ళిద్దరూ ఈ రేకుల కింద టీ తాగుతూ, నా చుట్టూ గోడ కట్టుకుంటూ కూర్చున్నారు. నన్ను మించిన పిచ్చిది ఈ లోకంలో ఉంటుందా?

"ఏముంది అందులో?" అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బావా, వద్దు," అన్నాడు చిన్నోడు.

"మిమ్మల్నే అడుగుతున్నా. రెండేళ్ళు జైల్లో కూర్చోవడానికి సిద్ధపడ్డారే, నన్నొక్కదాన్నే వదిలేసి. అంత ఘనమైనది ఏముందండీ ఆ పెట్టెలో?"

మా ఆయన నా ముందు గొంతు కూర్చున్నాడు. నా చేతి తొడుగులు ఒక్కొక్క వేలే లాగుతూ మెల్లగా తీశాడు. తీసి, వాటిని పక్కన పెట్టి, అప్పుడు చెప్పాడు.

"అది నీకు తెలియకూడదనే కదా, నేను జైలుకి వెళ్తానంటున్నది."